మట్టల వెనక గొలుసు

నా మెళ్ళో ఈ గొలుసు చూసి ఎవరు ఏమడిగినా నిజమే చెప్పాలని నాకొక షరతు ఉంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ "బాగుందండీ, ఎక్కడ చేయించారు?" అని ఊసుపోక అడిగినా సరే, మొత్తం చెప్పాలి. చెబుతున్నాను కూడా. సగం విని కిటికీ వైపు తిరిగిపోయినవాళ్ళున్నారు, దిగాల్సిన స్టాపు దాటిపోయినా కదలకుండా విన్నవాళ్ళున్నారు. ఆ షరతు పెట్టిందెవరో చివర్లో చెబుతాను. ముందు ఆ మంగళవారం సంగతి వినండి.

పోయిన తపస్సు కాలం, అదే ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలవడానికి ముందురోజది. మర్నాడు విభూది బుధవారం. ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఫాదర్‌గారు ఆశీర్వదించి ఇచ్చిన ఈత మట్టల్ని మా వట్లూరులో ఎవరింట్లో వాళ్ళు సిలువ వెనక దోపుకుంటారు. ఏడాదంతా వాటి మీద ఎవరి చెయ్యీ పడదు. బూజు పట్టినా దులపం. మళ్ళీ విభూది బుధవారానికి ముందు తీసి గుడికి పంపితే, అవి కాల్చిన బూడిదే మా నుదుటి మీదికి వస్తుంది. ఉపదేశి కృపావరంగారు ఆదివారం పూజ అయ్యాక రెండుసార్లు చెప్పారు, "మంగళవారం సాయంత్రం నేనే ఇంటింటికీ వస్తానండీ, మట్టలు తీసి ఉంచండి, తర్వాత తెస్తే నేను కాల్చనండీ" అని.

బడి నుంచి వచ్చి, స్టూలు వేసుకుని ఎక్కాను. మా అత్తమ్మగారి మంచానికి ఎదురుగా గోడకి చెక్క సిలువ ఉంటుంది. దాని వెనక చెయ్యి పెట్టి మట్టలు లాగితే, వాటితోపాటు ఏదో బరువుగా జారి నా భుజం మీద పడింది. బల్లేమోనని కెవ్వుమన్నాను. చూస్తే చేతిరుమాల్లో చుట్టిన గొలుసు. నా గొలుసే. అయిదు కాసులది, సిలువ బిళ్ళది, పెళ్ళిలో అత్తమ్మగారు తన మెళ్ళోంచి తీసి నా మెళ్ళో వేసింది. రుమాలు కూడా ఆవిడదే, మూలకి ఎర్రదారంతో కుట్టిన పువ్వుతో సహా.

పోయిన బంగారం దొరికితే ఎగిరి గంతెయ్యాలి కదా? నేను స్టూలు మీదే గోడ పట్టుకున్నాను. ఎందుకంటే ఆ గొలుసు దొంగిలించిందని ఏడాది కిందట ఒక మనిషిని ఊళ్ళో తలెత్తుకోకుండా చేసింది నేనే.

ఆమె పేరు రాజకుమారి. పదేళ్ళు మా ఇంట్లో పనిచేసింది. మా గుడి మనిషే, పాటల బృందంలో ముందు నిలబడి పాడేది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం మట్టల ఆదివారం గుడి నుంచి రాగానే బంగారం తీసేసి మళ్ళీ ఈస్టర్ పూజకే పెట్టుకుంటాం. ప్రభువు సిలువ మోసిన వారంలో మనకి నగలేమిటని పెద్దవాళ్ళ మాట. ఆ ఏడు కూడా అలాగే గొలుసు తీసి బీరువాలో పెట్టాను. బుధవారం నాడు అత్తమ్మగారు మరియరత్నమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మేం మూడు రోజులు ఏలూరు ఆసుపత్రిలో ఉన్నాం, ఇంటి తాళాలు రాజకుమారి దగ్గర ఉన్నాయి. ఈస్టర్‌కి బీరువా తీస్తే గొలుసు లేదు. ఇంకెవరి మీద అనుమానం పోతుంది?

గుడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. మా ఆయన బెంజమిన్, జూనియర్ కాలేజీ లెక్చరరు, గుడి వ్యవహారాలు చూసే విచారణ సంఘానికి ఉపాధ్యక్షుడు, ఆయనా కూర్చున్నారు. రాజకుమారి బైబిలు మీద చెయ్యి వేసి, "నేను తియ్యలేదండీ" అంది. ఆ చెయ్యి వణికింది. నేను ఊరుకున్నానా? "చూశారా, అబద్ధమాడే చెయ్యి ఎలా వణుకుతోందో!" అన్నాను అందరి ముందూ. అంతే, అబద్ధమేనని మా ఆయనే తీర్పు చెప్పేశారు. స్టేషన్లో కాగితం కూడా రాసిచ్చాం. ఆ తర్వాత వట్లూరులో ఆమెకి పనిచ్చినవాళ్ళు లేరు. మొగుడితో, కూతురితో కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పనికి వెళ్ళిపోయింది.

ఇంకొక ఘోరం ఉంది. అత్తమ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎడమ చెయ్యెత్తి గోడ వైపు చూపించేవారు. సిలువ వైపు. "ఆ, ఆ" అని అరిచేవారు. మేమేం చేశాం? మోకాళ్ళూని ప్రార్థన చేశాం! చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఎంత భక్తండీ ఈవిడది, మాట పోయినా ప్రభువుని మర్చిపోలేదు" అని కళ్ళొత్తుకునేవారు. ఆవిడ చూపించిన కొద్దీ మేం మోకాళ్ళూనేవాళ్ళం. మేం మోకాళ్ళూనిన కొద్దీ ఆవిడ ఇంకా గట్టిగా అరిచేవారు. బీరువా తాళం వదులుగా ఉందని ఆవిడే గొలుసు తీసి, ఎవరి చెయ్యీ పడని చోట దాచి ఉంటారు. ఒక్కరం, ఒక్కసారి లేచి ఆ సిలువ వెనక చూసి ఉంటే!

స్టూలు మీదే వెనక్కి తిరిగాను. అత్తమ్మగారు నన్నే చూస్తున్నారు. ఆ సగం మొహం నిండా నవ్వు. అమ్మయ్య, ఇన్నాళ్ళకి అర్థమైంది వీళ్ళకి అన్నట్టు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నారు.

అప్పుడే గేటు చప్పుడైంది. "టీచరుగారూ, మట్టలండీ!" కృపావరంగారి గొంతు.

ఆ క్షణంలో నేనేం చేశానో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గొలుసుని జాకెట్లో దోపేసుకున్నాను. మట్టలు పట్టుకెళ్ళి ఆయన సంచిలో వేశాను. "అత్తగారెలా ఉన్నారమ్మా?" అంటే, "అలాగే ఉన్నారండీ" అన్నాను. తిరిగి లోపలికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. నా జాకెట్టు వైపే చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్న గుడిలో ఫాదర్ వరదానంగారు నా నుదుటి మీద బూడిదతో సిలువ గీస్తూ, నువ్వు మట్టివి, మళ్ళీ మట్టిలోనే కలుస్తావు అన్నారు. ఏటా వినే మాటే. ఈసారి మాత్రం ఆ బూడిదలో ఏ మట్టలున్నాయో నాకు తెలుసు. నుదురు చర్రుమన్నట్టనిపించింది. చుట్టూ అంతమంది నుదుళ్ళ మీద నా ఇంటి మట్టల బూడిద కూడా ఉందని గుర్తొచ్చి కళ్ళు తిరిగాయి. "ఉపవాసం కదా, నీరసం" అని పక్కావిడ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చి గొలుసు బియ్యం డ్రమ్ములో అడుక్కి తోశాను. అత్తమ్మగారికి గంజి కలిపి చెంచా నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు. పళ్ళు బిగించి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం మా ఆయన పెడితే తిన్నారు. "ఏంటో, నీ మీద అలిగినట్టుంది అమ్మ" అని నవ్వారాయన. ఆ రోజు నుంచి నా చేత్తో పెట్టింది ఒక్క మెతుకు ముట్టలేదావిడ. గోడ వైపు చూపించడం కూడా మానేశారు. ఇప్పుడు ఆ చూపుడు వేలు లేచినప్పుడల్లా నా వైపే లేచేది.

చెప్పేద్దామనుకోలేదా అంటే, రోజూ అనుకున్నాను. ఒకరోజు ఆయన భోంచేస్తుంటే, "ఏవండీ, ఒకవేళ... ఆ గొలుసు ఎక్కడైనా దొరికితే?" అన్నాను.

"దొరకడమేంటి రూబీ, ఈపాటికి కరిగిపోయి ఎవరి చెవులకో వేలాడుతూ ఉంటుంది" అన్నారు. అన్నం కలుపుతూ ఆగి, "దొరక్కపోతేనే మంచిది. బైబిలు పట్టుకున్న మనిషిని అబద్ధాలకోరు అన్నాను నా నోటితో. ఇప్పుడు దొరికితే నేను గుడి మెట్లెక్కలేను" అన్నారు. మజ్జిగ పొయ్యమన్నారు. పోశాను. గిన్నె సగం చాప మీద పోశాను.

దొంగకి తేలు కుట్టినట్టని ఊరికే అనలేదు పెద్దలు. అరవడానికి లేదు, ఊరుకోడానికి లేదు. గేటు చప్పుడైతే పోలీసులనుకునేదాన్ని. బడిలో హెడ్‌మిస్ట్రెస్ పిలిస్తే ఉద్యోగం పోయిందనుకునేదాన్ని. బియ్యం కొలిచినప్పుడల్లా గిద్ద అంచుకి గొలుసు తగిలి టంగుమనేది, నా పైప్రాణాలు పైనే పోయేవి. పప్పు డబ్బాలోకి మార్చాను, చింతపండు జాడీలోకి మార్చాను, మళ్ళీ బియ్యంలోకే తెచ్చాను. శుక్రవారం శుక్రవారం సిలువ మార్గానికి వెళ్ళి ప్రభువు శ్రమల పద్నాలుగు బొమ్మల ముందూ మోకాళ్ళూనేదాన్ని. మాంసం మానేశాను, చేప మానేశాను, కాఫీ మానేశాను. మానాల్సింది ఒక్కటీ మానలేదు.

రెండో వారంలో జాయ్సీ వచ్చింది. మా వెనక వీధిలో ఉంటుంది, మరియదళంలో రోగుల ఇళ్ళకి తిరుగుతుంది. అత్తమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుని, "అక్కా, ఆ రాజకుమారి సంగతి విన్నారా? గుడివాకలంక దాటాక చెరువు గట్టు మీద షెడ్డులో ఉంటున్నారంట. మొగుడు గోపీచంద్ రోజూ కొడతన్నాడంట" అంది.

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేంటక్కా! గొలుసు నాకు కూడా తెలీకుండా ఎక్కడ దాచావో చెప్పవే అని. ఆవిడ తియ్యలేదంటే నమ్మడు. ఊరంతా తీసిందంటుంటే మొగుడొక్కడూ ఎందుకు నమ్ముతాడు చెప్పండి? చేసిన పాపం ఊరికే పోదు" అని నిట్టూర్చింది.

మంచం మీద నుంచి "ఆ" అని ఒక్క అరుపు. అత్తమ్మగారి వేలు నా వైపే ఉంది. "ఏం కావాలంట?" అంది జాయ్సీ. "మంచినీళ్ళు" అన్నాను నేను.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యకుండా ఈస్టర్ ఎలా వస్తుంది? మా ఫాదర్ వరదానంగారికి చెప్పాలంటే భయం. తెర అవతల ఉన్నా ఆయనకి నా గొంతు తెలుసు. అందుకని నాలుగో వారం ఒక శనివారం, మా పిన్నిని చూసొస్తానని చెప్పి తాడేపల్లిగూడెం బస్సెక్కాను. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర దిగి, ఆ ఘాటులోనే నడుచుకుంటూ, ఎవరూ తెలియని గుడికి వెళ్ళాను. తెలియని ఫాదర్, ముసలాయన. మోకాళ్ళూని మొత్తం చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. పేర్లు మాత్రం చెప్పలేదు.

అంతా విని ఆయన ఒక్కటే అడిగారు. "గొలుసు ఇప్పుడెక్కడుందమ్మా?"

"బియ్యం డ్రమ్ములో ఉందండీ."

"ఆ అమ్మాయి పేరు మీద దొంగతనం ఇంకా ఉందా?"

"ఉందండీ."

ఫ్యాను కిర్రుమని తిరుగుతోంది. "అమ్మా, జరిగిపోయిన పాపానికి నేను విమోచనం చెప్పగలను. ఇది జరిగిపోలేదు, జరుగుతోంది. ఈ నిమిషం కూడా జరుగుతోంది. కాలు ఒకరి మెడ మీద పెట్టి క్షమించమంటే ఎలా? ముందు కాలు తియ్యి. తీసి రా. ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటాను" అన్నారు.

"నా బతుకు అల్లరైపోతుందండీ, ఫాదర్" అన్నాను.

"అవుతుంది" అన్నారు. ఆ ఒక్కమాట అని ఊరుకున్నారు. కాదంటారేమో, ఏదో దారి చెబుతారేమో అని నేనింకా కాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాను.

మంగళవారం బడికి సెలవు పెట్టాను. ఏలూరు వచ్చి కొల్లేరు వైపు ఆటో ఎక్కాను. గొలుసు తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే ఇచ్చెయ్యాల్సి వస్తుందని భయం. ఊరికే చూసి, మాట కలిపి, ఎలా ఉందో తెలుసుకుని, మెల్లగా చెబుదామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రోడ్డుకి రెండువైపులా చెరువులే, తవుడు మేత వాసన ముక్కులు బద్దలుకొడుతోంది. అడిగితే గట్టు చూపించారు.

రాజకుమారి సంచుల్లో మేత నింపుతోంది. సగానికి సగం తగ్గిపోయింది మనిషి. కూతురు రమ్య పక్కనే సంచుల మూతులు కడుతోంది. పదో తరగతి పరీక్షల రోజులవి, ఆ పిల్ల బడిలో ఉండాలి. నేను గట్టు ఎక్కుతుండగా రాజకుమారి తలెత్తి నన్ను చూసింది.

చూసి, భయపడింది! అది నేను అస్సలు అనుకోలేదు. దారంతా నేను ఆమెకి భయపడుతూ వచ్చాను. ఆమె నన్ను చూసి చేతిలో సంచి వదిలేసి, కూతుర్ని వెనక్కి లాక్కుని, "టీచరమ్మగారూ, పోలీసుల్ని తీసుకొచ్చారా అండీ? షెడ్డంతా వెతుక్కోండి, మా దగ్గరేం లేదండీ! పిల్ల ముందు వద్దండీ, మీకు దణ్ణం పెడతానండీ!" అని రెండు చేతులూ జోడించింది.

"లేదు లేదు... ఊరికే వచ్చాను" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో చూడండి. ఊరికే వచ్చానట! వెనక్కి తిరిగి, గట్టు దిగి, ఆటో ఎక్కేశాను.

మట్టల ఆదివారం వచ్చింది. కొత్త మట్టలు పట్టుకుని ఊరేగింపులో హోసన్న పాడుకుంటూ నడిచాం. గుడి దగ్గర జాయ్సీ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీరు గుడివాకలంక వెళ్ళారంట కదా? మీరు వచ్చి వెళ్ళారని తెలిసి ఆ గోపీచంద్, పోలీసులొస్తారు, ఇప్పుడైనా చెప్పు ఎక్కడ పెట్టావో అని రాజకుమారిని చెంప మీద కొట్టాడంట. చెవిలోంచి రక్తమొచ్చిందంట. ఏలూరులో చూపిస్తే కర్ణభేరి పగిలిపోయిందన్నారంట. ఇంక ఆ చెవి వినపడదంట."

నా చేతిలో మట్ట కిందపడింది. ఎవరో తీసి ఇచ్చారు. ఆ దెబ్బ పడినప్పుడు గొలుసు నా బియ్యం డ్రమ్ములో ఉంది. ఏడాది కిందట చేసింది తెలియక చేశానని అనుకోవచ్చు. ఇది? ఇది తెలిసి చేసిందే. ఆ చెవి నేను తీసేసిందే.

ఆ రోజు ఇంటికొచ్చి ఆడవాళ్ళంతా నగలు తీసేసే వేళకి నేను వంటింట్లో డ్రమ్ము ముందు కూర్చున్నాను. సోమవారం కూర్చున్నాను. గురువారం కూడా కూర్చున్నాను. చెయ్యి బియ్యంలోకి వెళ్ళలేదు. ఎంత పిరికిదాన్నో మీకు అర్థం కావాలనే ఇవన్నీ చెబుతున్నాను.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. మూడింటికి గుడికి వెళ్ళాలి. తెల్లచీర కట్టుకున్నాను. మా ఆయన బయట స్కూటరు తుడుస్తున్నారు. డ్రమ్ములో చెయ్యి పెట్టి గొలుసు తీశాను, తవుడంటుకుని ఉంటే కొంగుతో తుడిచాను, మెళ్ళో వేసుకున్నాను. వేసుకుని పైట నిండుగా కప్పుకున్నాను. వెళ్ళొస్తానని చెప్పడానికి అత్తమ్మగారి మంచం దగ్గర వంగాను. ఆవిడ ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కొడతారనుకున్నాను. పైట అంచు పట్టుకుని పక్కకి లాగారు. గొలుసు బయటపడింది. సిలువ బిళ్ళని రెండు వేళ్ళతో సరిచేసి, చెయ్యి దించేశారు.

స్కూటరు మీద ఆయన వెనక కూర్చున్నాను కాబట్టి ఆయన చూడలేదు. గుడిలోకి అడుగుపెట్టాక చూసినవాళ్ళు చూశారు. ఆ రోజు గుడిలో గంటలు మోగవు, పీఠం మీద గుడ్డ ఉండదు, ఒక్క ఆడదాని ఒంటి మీద గురివింద గింజంత బంగారం ఉండదు. నా మెళ్ళో అయిదు కాసులు. ఆ గొలుసు తెలియనివాళ్ళు మా గుడిలో లేరు. గుసగుసలు ముందు వరసల నుంచి వెనక్కి పాకాయి. సిలువని ముద్దుపెట్టుకోడానికి వరసలో నిలబడ్డప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఆయన నన్ను చూశారు. చూసి కళ్ళజోడు తీసేశారు.

ఆరాధన అయ్యాక వరండాలో అందరూ నా చుట్టూ మూగారు. తిడతారని సిద్ధపడి ఉన్నాను. ఏమన్నారో తెలుసా? "దొరికిందా టీచరుగారూ! దేవునికి స్తోత్రం! నలభై రోజుల ఉపవాసం ఊరికే పోతుందా అండీ! గుడ్ ఫ్రైడే నాడే దొరికింది చూశారా, ఎంత మహిమో!" కృపావరంగారైతే ఈస్టర్ నాడు సాక్ష్యం చెప్పాలన్నారు. "ఎక్కడ దొరికిందమ్మా? ఎప్పుడు దొరికింది?"

ఎప్పుడు దొరికింది. ఇవాళ పొద్దున్న అంటే చాలు. అంతా సుఖంగా తేలిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"విభూది బుధవారం ముందు మంగళవారం నాడు దొరికిందండీ" అన్నాను. "మీకు మట్టలిచ్చినప్పుడు నా జాకెట్లో ఉంది కృపావరంగారూ. నలభై అయిదు రోజులు దాచాను. రాజకుమారి తియ్యలేదు. మా అత్తమ్మగారు సిలువ వెనక దాచి, ఏడాదంతా మాకు చూపిస్తూనే ఉన్నారు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. జాయ్సీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫాదర్ వరదానంగారు గుమ్మంలో నిలబడి విన్నారు, తల వంచుకున్నారు. మా ఆయన మెట్లు దిగి వెళ్ళిపోతుంటే వెనకనుంచి చూస్తూ, అయిపోయింది నా కాపురం అనుకున్నాను. ఆయన స్కూటరు తీసి, నా ముందు ఆపి, నా మొహంలోకి చూడకుండానే, "ఎక్కు. ఎటు పోవాలి?" అన్నారు.

"గుడివాకలంక వైపండీ."

ఆయన స్కూటరు కొల్లేరు రోడ్డు వైపు తిప్పారు.

గట్టు మీద రాజకుమారి షెడ్డు ముందు గిన్నెలు తోముతోంది. గోపీచంద్ మంచం మీద కూర్చున్నాడు. చుట్టుపక్కల చెరువుల మీద పనిచేసేవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. తర్వాత నా మెళ్ళోకి చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

దగ్గరికెళ్ళి, తల వంచుకుని, "రాజకుమారీ, గొలుసు నా దగ్గరే ఉంది. నువ్వు తియ్యలేదు" అన్నాను మెల్లగా.

ఆమె తల పక్కకి తిప్పింది. "ఈ చెవి వినపడదు టీచరమ్మగారూ. ఇటు వైపొచ్చి గట్టిగా చెప్పండి" అంది.

ఆ వైపు వెళ్ళాను. గట్టిగా చెప్పాను. గట్టంతా వినపడేలా చెప్పాను. ఏడాది కిందటిదీ చెప్పాను, నలభై అయిదు రోజులదీ చెప్పాను, కిందటిసారి వచ్చి ఊరికే వెళ్ళిపోయిందీ చెప్పాను. గోపీచంద్ మంచం మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మా ఆయన చేతులు జోడించి, "తీర్పు చెప్పింది నేనమ్మా" అన్నారు.

గొలుసు తీసి ఇవ్వబోతే రాజకుమారి నా చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్న చేతిని చూసి, "వణుకుతోందండీ" అంది. "ఆ రోజు నాదీ ఇలాగే వణికింది. భయమండీ. అబద్ధం కాదు, భయం. మీకిప్పుడు తెలిసింది."

నేను మోకాళ్ళ మీద కూలబడిపోయాను. క్షమించమన్నాను. క్షమించానని ఆమె అనలేదు. కాసేపు చెరువు వైపు చూసి, ఇలా అంది: "నాకా బంగారం వద్దండీ. ఏడాది నేను దొంగ పేరు మెళ్ళో వేసుకు తిరిగాను. వచ్చే ఏడు గుడ్ ఫ్రైడే దాకా అది మీరు మెళ్ళో వేసుకు తిరగండి. తియ్యకండి. ఎవరడిగినా ఇది ఎక్కడిదో, ఏం జరిగిందో మొత్తం చెప్పండి. అప్పుడు రండి, చూద్దాం."

అదీ షరతు.

రమ్యని మళ్ళీ బడిలో చేర్చాం. స్టేషన్లో ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నాం. సంఘం ఉపాధ్యక్ష పదవికి మా ఆయన రాజీనామా చేశారు. తాడేపల్లిగూడెం ముసలి ఫాదర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మోకాళ్ళూనాను, ఈసారి ఆయన విమోచనం మాటలు చెప్పారు. భయం పోయిందా అంటే, పోలేదండీ. కొత్తవాళ్ళ చూపు నా మెడ మీద పడ్డప్పుడల్లా చెయ్యి పైట సర్దుకోబోతుంది. అడక్కుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. రాజకుమారి ఏమంటుందో తెలియదు. ఆ చెవి మాత్రం రాదు.

అత్తమ్మగారు ఇప్పుడు నా చేత్తోనే తింటున్నారు. మొన్నొక సాయంత్రం జాయ్సీ వచ్చి కూర్చున్నప్పుడు, చాలా నెలల తర్వాత మళ్ళీ ఎడమ చెయ్యెత్తి గోడ వైపు చూపించారు. సిలువ వైపు. జాయ్సీ గబుక్కున మోకాళ్ళూనబోయింది. "ఆగు" అన్నాను. స్టూలు తెచ్చుకుని ఎక్కాను. సిలువ వెనక, కొత్త మట్టల వెనక, అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమి చూశాను. ఏమీ లేదు. ఆవిడ వైపు తిరిగి రెండు చేతులూ విప్పి చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, చేతిని గుండె మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

ఈసారి అడిగింది ప్రార్థనే. అప్పుడు దిగి, మోకాళ్ళూనాను.